చావనివాటి సంగతి కూడా అడిగిన ప్రయోగశాల

ఇరవై రెండేళ్లుగా నేను వాడుకున్న ఒక సేవ గురించి, దానిని అందించిన వ్యక్తి పదవీ విరమణ చేసిన నెలలో, ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ సేవ పశువ్యాధి నిర్ధారణ. చనిపోయిన పశువు అవయవాలనూ, బతికున్న పశువు ఒంటి నుంచి కోసి తీసిన గడ్డలనూ పరీక్షించి, జబ్బు ఏమిటో రాతపూర్వకంగా తెలియజేసే పాథాలజీ విభాగం పని అది. నేను క్షేత్రస్థాయి పశువైద్యుణ్ణి. ఆ పాథాలజిస్టు గారి శిష్యుణ్ణి కాను, బంధువును కాను, ఆమెతో కలిసి పనిచేసినవాణ్ణి కూడా కాను. సీసాలు పంపి నివేదికలు అందుకున్నవాణ్ణి మాత్రమే. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. పొగడ్తలో తన పేరు వినబడితే మొహం చిట్లించుకునే స్వభావం ఆమెది, పైగా ఈ సమీక్షలో కొన్ని లోపాలను కూడా చెప్పవలసి ఉంది.

పశువుకు సూది వేసిన డాక్టరు రైతుకు గుర్తుంటాడు, గడ్డను కోసి తీసిన డాక్టరు కుక్క యజమానికి గుర్తుంటాడు. ఆ గడ్డ ఏమిటో తేల్చిన మనిషి మాత్రం ఎవరికీ కనబడరు. కండరమో కాలేయమో ఫార్మలిన్‌లో గట్టిపడిన తరువాత, దానిలోని నీటిని ఆల్కహాలుతో తీసివేసి, మైనంలో పొదిగి, నాలుగైదు మైక్రాన్ల మందంతో పొరలు తీసి, గాజు పలక మీద పరచి, రంగులు వేస్తారు. హెమటాక్సిలిన్ కణకేంద్రకాలను నీలంగా చూపిస్తుంది, ఈయోసిన్ మిగిలినదానిని గులాబీ రంగులో చూపిస్తుంది. అప్పుడు ఒక మనిషి సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, ఆ నీలం గులాబీల మధ్య ఏది ఉండవలసిన చోట లేదో, ఏది ఉండకూడని చోట ఉందో చూస్తారు. యంత్రాలు చేసే పని ఎంత ఉన్నా, ఈ చివరి అంకం మాత్రం చూసే కంటి మీద, ఆ కంటి వెనుక ఉన్న జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. కనుక ఈ సేవను సమీక్షించడమంటే ఒక మనిషి పనితీరును సమీక్షించడమే అవుతుంది.

నా మొదటి అనుభవం నాకు గౌరవం తెచ్చేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గేదె కాలేయాన్ని అరచేయంత ముక్కగా కోసి, సన్నని మూతి ఉన్న సీసాలోకి బలవంతంగా దూర్చి, పైన కాస్త ఫార్మలిన్ పోసి పంపించాను. వారం తిరగకుండా ఉత్తరం వచ్చింది. ముక్క పై పొర మాత్రమే నిలిచిందనీ, లోపలంతా కుళ్లిపోయిందనీ, పరీక్షకు పనికిరాదనీ అందులో ఉంది. దాని కింద నా కోసం చేతిరాతతో కొన్ని వాక్యాలు రాశారు. ఫార్మలిన్ కణజాలంలోకి చాలా నెమ్మదిగా ఇంకుతుంది కనుక ముక్క మందం ఒక సెంటీమీటరు దాటకూడదు. ముక్కకు పదింతలు ద్రావణం ఉండాలి. సీసాకు వెడల్పు మూతి ఉండాలి, ఎందుకంటే మెత్తగా లోపలికి పోయిన ముక్క గట్టిపడిన తరువాత బయటికి రాదు, సీసాను పగలగొట్టవలసి వస్తుంది. చివరి వాక్యం కింద గీత కూడా గీశారు. నా సీసాను ఆమె నిజంగానే పగలగొట్టవలసి వచ్చిందని తరువాత తెలిసింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నమూనాలో మంచు స్ఫటికాలు కణాలను చీల్చివేస్తాయనీ, అందువల్ల సూక్ష్మదర్శిని పరీక్షకు చల్లబరచాలే తప్ప గడ్డకట్టించకూడదనీ మరో సందర్భంలో నేర్చుకున్నాను. ఇవన్నీ కాలేజీలో చదివినవే. అయితే పాసవడానికి చదివిన చదువు, సీసా పగిలిన తరువాత గాని పనికిరాలేదు.

ఈ సేవలో నన్ను పూర్తిగా ఆమె పక్షం చేసిన సంఘటన ఒక గొర్రెల మంద విషయంలో జరిగింది. మేపు బాగా ఉన్న మంద అది. పది రోజుల వ్యవధిలో ఏడు గొర్రెలు చనిపోయాయి. కళ్లు, చిగుళ్లు పచ్చబడటం, మూత్రం నల్లని ఎరుపులో పోయడం, ఒకటి రెండు రోజుల్లో కూలబడి చనిపోవడం, ఇదీ వరుస. మందలో పిడుదులు విపరీతంగా ఉన్నాయి. కాపరి అప్పటికే ఇది చిటుక రోగమని అనుకుని టీకా వేయించాడు. నేను పిడుదుల ద్వారా వచ్చే రక్తపరాన్నజీవి జ్వరమని తీర్మానించుకున్నాను. రక్తపు పూతలో పరాన్నజీవి నాకు కనబడలేదు. అయినా నా తీర్మానం మారలేదు. చనిపోయిన గొర్రెను కోసినప్పుడు మూత్రపిండాలు తుపాకీ గొట్టం రంగులో, నీలి నలుపుగా మెరుస్తూ కనబడ్డాయి. కాలేయం, మూత్రపిండం, ప్లీహం ముక్కలను ఈసారి పద్ధతి ప్రకారమే పంపి, నా అనుమానాన్ని దరఖాస్తులో గట్టిగానే రాశాను.

రెండో రోజు ఆమె ఫోన్ చేశారు. "డాక్టర్ గారూ, చనిపోయినవాటి గురించి బాగా రాశారు. అదే కొట్టంలో ఉండి, అదే దాణా తిని చావనివి ఏమిటో రాయలేదు" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వెళ్లి చూస్తే, ఆ కొట్టంలోనే మూడు పాడి ఆవులు, కొన్ని మేకలు ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ ఏమీ కాలేదు. ఆవుల కోసం తెచ్చిన ఖనిజాలు కలిపిన దాణాను నాలుగు నెలలుగా గొర్రెలకు కూడా పెడుతున్నారు. ఆవులు తట్టుకోగలిగిన రాగిని గొర్రె తట్టుకోలేదు. గొర్రె కాలేయం రాగిని బయటికి పంపడంలో చాలా బలహీనం. అది వారాలు, నెలల తరబడి చడీచప్పుడు లేకుండా కాలేయంలో పేరుకుపోతుంది. ఏదో ఒక ఒత్తిడి తగలగానే ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడుతుంది. కామెర్లు, నల్లని మూత్రం, తుపాకీ రంగు మూత్రపిండాలు, అన్నీ ఆ ఒక్క కారణం నుంచే. నేను ఆ సంగతి ఫోన్‌లో చెప్పిన తరువాత ఆమె కాలేయపు పొరలకు రాగిని చూపించే ప్రత్యేకమైన రంగు వేయించారు, తాజా ముక్కలలో రాగి మోతాదును రసాయన పరీక్షతో కొలిపించారు. అప్పుడుగాని తుది నివేదిక రాయలేదు.

ఆ నివేదికలోని ఒక వాక్యం నా పరువు నిలబెట్టింది. దాణా మాన్పించిన తరువాత కూడా కొన్ని వారాల పాటు అక్కడక్కడ మరణాలు కనబడవచ్చుననీ, అందుకు కారణం కాలేయంలో ఇప్పటికే నిల్వ ఉన్న రాగి అనీ ఆమె వ్యాఖ్య రూపంలో రాశారు. కాపరికి ఆ మాట ముందే చెప్పాను. దాణా ఆపిన పన్నెండో రోజున మరో రెండు గొర్రెలు చనిపోయినప్పుడు అతను నన్ను తిట్టకుండా, మీరు చెప్పినట్లే జరిగిందన్నాడు. నిజానికి చెప్పినది నేను కాదు. తరువాత అతను దాణా తయారుచేసినవారి మీద నష్టపరిహారానికి వెళ్తాననీ, తప్పు వాళ్లదేనని నివేదికలో రాయించమనీ అడిగాడు. ఆమె రాయలేదు. కాలేయంలో ఎంత రాగి ఉందో, మూత్రపిండంలో ఎంత ఉందో, కణాలలో ఏ మార్పులు కనబడ్డాయో రాశారు. బస్తా మీద ఆవులకు అని అచ్చువేసి ఉందని నేనే చెప్పాను కనుక, ఎవరి తప్పో తేల్చే పని తన సూక్ష్మదర్శినిది కాదని చెప్పారు. కాపరికి కోపం వచ్చింది. నాకూ ఆ క్షణాన కొంచెం వచ్చింది.

చావనివి ఏవి అన్న ఈ ప్రశ్నకు వైద్యచరిత్రలో ఎంత బలం ఉందో ఆమె నిర్వహించిన ఒక శిక్షణ తరగతిలో తెలిసింది. 1999 వేసవి చివరలో న్యూయార్క్ నగరంలో మనుషులకు మెదడువాపు జ్వరం వచ్చింది, దానిని మొదట సెయింట్ లూయిస్ ఎన్సెఫలైటిస్ అని ప్రకటించారు. అదే కాలంలో కాకులు రాలిపోతున్నాయి, బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో పక్షులు చనిపోతున్నాయి. అక్కడి పశు పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా వాటిని కోసి చూసి, మెదడులోనూ గుండెలోనూ తీవ్రమైన దెబ్బను గమనించి, మనుషుల జబ్బు పక్షుల జబ్బు ఒకటే అయితే ప్రకటించిన పేరు సరిపోదని పట్టుబట్టారు, ఎందుకంటే సెయింట్ లూయిస్ వైరస్ సాధారణంగా పక్షులను చంపదు. గుర్రాలను, ఈములను చంపే మరో మెదడువాపు వైరస్ అనుకుందామంటే ప్రదర్శనశాలలోని ఈములు నిక్షేపంగా ఉన్నాయి. కొక్కెర తెగులు లాంటి పక్షివ్యాధి అనుకుందామంటే అక్కడి కోళ్లు బాగానే ఉన్నాయి. చనిపోయిన పక్షులు ఎంత చెప్పాయో, చావని ఈములూ కోళ్లూ అంత చెప్పాయి. చివరకు అది వెస్ట్ నైల్ వైరస్ అని, పశ్చిమార్ధగోళంలో అది కనబడటం అదే మొదటిసారి అని తేలింది. ఆ తరగతిలో కూర్చున్న మాలో చాలామందికి అప్పటిదాకా కాకి చావు ఒక లెక్కలోనిదే కాదు.

నివేదికల భాష గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మొదట్లో నన్ను బాగా విసిగించినది అదే. ప్రతి నివేదికలోనూ మూడు భాగాలు ఉండేవి. కంటికి కనబడినది ఒక భాగం, దానిని బట్టి తేలిన వ్యాధి నిర్ధారణ రెండో భాగం, వీటి మధ్య ఉన్న సందేహాలతో కూడిన వ్యాఖ్య మూడో భాగం. ఒకదానిలోని మాట మరొకదానిలోకి పొరబాటున కూడా జారేది కాదు. ఈ మార్పులు ఫలానా వ్యాధితో పొసగుతున్నాయి అని రాస్తే ఒక అర్థం, ఫలానా వ్యాధిని సూచిస్తున్నాయి అంటే మరో అర్థం, ఫలానా వ్యాధి అని నేరుగా రాస్తే ఇంకో అర్థం. ఆ మెట్లను ఆమె ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తారుమారు చేయలేదని నా దగ్గరున్న దస్త్రాలు తిరగేసి చెప్పగలను. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పమని రైతు నా ఎదుట నిలబడినప్పుడు ఈ మెట్లన్నీ నాకు చాదస్తంగా తోచేవి. ఆ ఒక్క ముక్క నేను చెప్పి, అది తప్పయిన రోజుల తరువాత అలా తోచడం మానేసింది.

రేబిస్ విషయంలో ఈ చాదస్తం ప్రాణాలతో ముడిపడిన విషయం. ఒక దూడ మేత మింగలేక, చొంగ కారుస్తూ, గొంతు బొంగురుగా అరుస్తూ ఉంటే, గొంతులో ఏదో అడ్డుపడిందని ఇంట్లో ముగ్గురు నోట్లో చేయి పెట్టి వెతికారు. దూడ మూడో రోజు చనిపోయింది. మెదడును మంచులో పెట్టి పంపమనీ, సగభాగాన్ని ఫార్మలిన్‌లో విడిగా పెట్టమనీ, తల కోసేటప్పుడు కళ్లకూ చేతులకూ రక్షణ లేకుండా ముట్టవద్దనీ ఆమె ఫోన్‌లోనే చెప్పారు. ఆ మాట పూర్తికాక ముందే, నివేదిక కోసం ఆగకుండా ఆ ముగ్గురినీ ఇప్పుడే టీకాకు పంపండి అన్నారు. చిన్నమెదడు కణాలలో వెతికితే, 1903లో అడెల్కి నెగ్రి వర్ణించిన చిన్న చిన్న గుండ్రని మచ్చలు ఆ దూడలో కనబడలేదు. పాత పుస్తకాన్ని పట్టుకుని ఉంటే అక్కడితో లేదని రాసి ముగించవచ్చు. ఆ మచ్చలు కనబడని రేబిస్ కేసులు చాలానే ఉంటాయి కనుక, మంచులో వచ్చిన తాజా మెదడు మీద మెరిసే ప్రతిదేహాల పరీక్ష చేయించారు. రేబిస్ అని తేలింది. ఆ సాయంత్రం ఆమె చేసిన ఫోన్‌లో జబ్బు పేరు కంటే ముందు వచ్చిన ప్రశ్న, ముగ్గురూ టీకా వేయించుకున్నారా అని.

దొమ్మ రోగం (ఆంత్రాక్స్) విషయంలో ఆమె నియమం మరింత కఠినం. హఠాత్తుగా చనిపోయి, త్వరగా ఉబ్బిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారుతున్న పశువును కోయవద్దు. కోస్తే లోపలి సూక్ష్మజీవులకు గాలి తగిలి అవి విత్తనాల లాంటి రూపం దాలుస్తాయి, ఆ రూపంలో నేలలో దశాబ్దాలు బతుకుతాయి. చెవి సిర నుంచి ఒక రక్తపు పూత చాలు. మెక్‌ఫాడియన్ 1903లో చెప్పిన మిథిలిన్ బ్లూ రంగుతో నీలి కడ్డీల చుట్టూ గులాబీ తొడుగు కనబడితే సరిపోతుంది. ఒక సహోద్యోగి తెలియక కోసి అవయవాలు తీసుకువస్తే, ఆమె వాటిని గుమ్మం దాటనివ్వలేదు.

కారణం తేలలేదు అన్న నివేదికలు కూడా ఈ సేవలో భాగమే. వాటిని లోపాల కింద జమకట్టాలా, గుణాల కింద జమకట్టాలా అని చాలాకాలం నాకు అర్థం కాలేదు. ఆవులు ఈసుకుపోయినప్పుడు, అంటే నెలలు నిండకముందే పిండం పడిపోయినప్పుడు, ఈ మాట ఎక్కువగా వచ్చేది. మంచి ప్రయోగశాలలలో కూడా ఈసుకుపోయిన కేసులలో చాలా భాగానికి కారణం దొరకదన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. పిండం కడుపులోనే చనిపోయి కొన్ని రోజులు ఉండిపోయి ఉంటుంది, ఆధారాలు అక్కడే చెడిపోతాయి. దానికి తోడు రైతు మాయను వెంటనే పాతిపెడతాడు, లేదా కుక్కలు ఎత్తుకుపోతాయి. మాయ లేకుండా పిండం ఒక్కదానినే పంపిన ప్రతిసారీ ఆమె నుంచి ఒకే రకమైన వాక్యం వచ్చేది, మాయ పంపబడలేదు అని. ఆ వాక్యంలో కర్త లేకపోయినా కర్తను నేనేనని నాకు తెలిసేది. తొడుగులు వేసుకుని, మూడు పొరల సంచిలో, మాయలోని దళసరి గుండీలతో సహా పంపడం అలవాటు చేసుకున్న తరువాత, తేలని నివేదికల సంఖ్య తగ్గింది. కనుక ఆ నివేదికలలో కొంత భాగం నా లోపాల జాబితా అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పెంపుడు కుక్కల గడ్డల విషయంలో ఆమె సేవ వేరే రకంగా పరీక్షకు నిలబడింది. గడ్డ చెడ్డదా కాదా అన్నది ఒక ప్రశ్న అయితే, అంచులలో శుభ్రమైన కణజాలం మిగిలిందా అన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న. గడ్డకు ఏ వైపున దారం కట్టానో దరఖాస్తులో రాయకపోతే, ఆ వైపు తల వైపా తోక వైపా అని తెలుసుకోవడానికి ఫోన్ వచ్చేది. చర్మంలో వచ్చే మాస్ట్ కణాల గడ్డలకు, అంటే ఒక రకం క్యాన్సర్ గడ్డలకు, 1984 నాటి మూడు తరగతుల పద్ధతిలో గ్రేడు ఇచ్చే ఆమె, 2011లో రెండు తరగతుల పద్ధతి వచ్చిన తరువాత రెండింటినీ పక్కపక్కన రాయడం మొదలుపెట్టారు. మధ్య తరగతి అన్న మాటతో యజమానికి ఏమీ చెప్పలేక అవస్థపడిన మాలాంటివారికి అది పెద్ద ఉపకారం. పదవీ విరమణకు దగ్గరపడుతున్న వయసులో అలవాటైన పద్ధతి పక్కన కొత్త పద్ధతిని చేర్చుకోవడం ఎంత అరుదో, ఏ వృత్తిలో ఉన్నవారైనా చుట్టూ చూస్తే తెలుస్తుంది.

ఆమె పొరబడిన సందర్భం కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా అంచనాలో ఈ సేవకు అత్యున్నత స్థాయి అక్కడే కనబడింది. ఒక చిన్న వయసు కుక్క చెవి మీది గడ్డను ఆమె హిస్టియోసైటోమా అని రాశారు. అది చిన్న కుక్కలలో తరచుగా వచ్చేది, చాలావరకు తనంతట తాను కరిగిపోయేది. యజమాని సంతోషించాడు, నేనూ సంతోషించాను. తొమ్మిది రోజుల తరువాత ఆమె ఫోన్ చేసి, ఆ స్లైడును మళ్లీ చూశాననీ, కొన్ని కణాల తీరు మనసులో నలుగుతూ ఉంటే టొల్యూడిన్ బ్లూ రంగు వేయించాననీ, రేణువులు చాలా తక్కువగా ఉన్న మాస్ట్ కణాల గడ్డ అని తేలిందనీ చెప్పారు. మరో పాథాలజిస్టుకు స్లైడు పంపి రెండో అభిప్రాయం కూడా అప్పటికే తీసుకున్నారు. సవరించిన నివేదిక మర్నాడు వచ్చింది. మొదటి నిర్ధారణ తప్పు అన్న వాక్యం అందులో అన్నిటికంటే పైన, స్పష్టంగా ఉంది. మేము ఎవరమూ అడగలేదు. అడగాలన్న అనుమానం కూడా ఎవరికీ లేదు. చెవి అంచును మళ్లీ విశాలంగా కోసి తీశాము, ఆ కుక్క ఆ తరువాత ఆరేళ్లు బతికింది. ఇన్నేళ్లలో నేను వాడుకున్న ఇతర సేవలలో, తన తప్పును తానే వెతికి పట్టుకుని ఫోన్ చేసి చెప్పినది మరొకటి తగల్లేదు.

ఇక లోపాలు. ఆలస్యం మొదటిది. ఎముక నమూనాలలో సున్నాన్ని కరిగించి మెత్తబరచడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుందన్నది శాస్త్రం, అందులో ఎవరినీ తప్పుపట్టలేము. అయితే పని ఏ దశలో ఉందో ఒక్క మాట కబురు చేసే ఏర్పాటు చివరిదాకా లేదు, మేమే ఫోన్ చేసి తెలుసుకోవలసి వచ్చేది. రెండోది, పశువు యజమానులతో ఆమె మాట్లాడేవారు కాదు. వైద్యుడి ద్వారానే సమాచారం వెళ్లాలన్న ఆమె నియమం సబబైనదే. కానీ యజమానికి అర్థమయ్యే భాషలో నాలుగు వాక్యాల సారాంశం ప్రతి నివేదికకూ జతపరచి ఉంటే మా శ్రమ సగం తగ్గేది. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ నవ్వి ఊరుకున్నారు. మూడోది ఆమె మాటల పొదుపు. చేతకాని నమూనాకు వచ్చే జవాబులో జాలి ఉండేది కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకరిద్దరు ఆ ఉత్తరాలకు భయపడి నమూనాలు పంపడమే మానేశారని నాకు తెలుసు. రోగం కనిపెట్టే సేవకు నమూనాలు రాకపోవడం కంటే పెద్ద నష్టం లేదు కనుక, దీనిని చిన్న లోపంగా దాటవేయలేను. చుక్కలు వేసే పద్ధతిలో చెప్పాలంటే, ఐదింటికి నాలుగున్నర వేస్తాను.

ఈ వృత్తికి సన్మానాలు తక్కువగా దక్కడానికి ఒక కారణం ఉందని నాకు అనిపిస్తుంది. ఎదురుగా ఉన్న పశువును బతికించలేని వైద్యం ఇది. కాపాడబడినవి ఎక్కడో వేరే కొట్టంలో, వేరే అడవిలో, తమకు ఏం తప్పిపోయిందో తెలియకుండా మేస్తూ ఉంటాయి. దక్షిణాసియాలో రాబందులు లక్షల సంఖ్యలో మాయమవుతున్నప్పుడు, చనిపోయిన రాబందులను కోసి చూసినవారికి లోపలి అవయవాల మీద సున్నం పూసినట్లు యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుని కనబడింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఆ తెలుపు చెప్పింది. వైరస్‌లు, పురుగుమందులు ఒక్కొక్కటే తప్పుకున్న తరువాత, పశువులకు వేసే డైక్లోఫినాక్ అనే నొప్పిమందు కారణమని 2004లో లిండ్సే ఓక్స్ బృందం ప్రకటించింది. 2006లో భారతదేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఆ నిషేధం వల్ల బతికిన రాబందు ఏదో ఎవరూ చూపించలేరు, ఆ తెల్లని పూతను మొదట గమనించిన కళ్లు మాత్రం ఉన్నాయి. 2007లో ఉత్తర అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారంలో మెలమిన్ కల్తీ బయటపడినప్పుడు కూడా దారి చూపించినది పిల్లుల, కుక్కల మూత్రపిండాల గొట్టాలలో కనబడిన స్ఫటికాలే.

మా పాథాలజిస్టు గారు అటువంటి పెద్ద వార్తలలో ఎప్పుడూ లేరు. ఆమె వదిలి వెళ్లినది మైనపు దిమ్మెల గది. నమూనా పరీక్ష ముగిసిన తరువాత మిగిలిన దిమ్మెను పారవేయకుండా, సంఖ్య వేసి, పశువు జాతి, వయసు, అవయవం, నిర్ధారణ రాసిన పుస్తకంతో సహా భద్రపరిచారు. ఇరవై ఏళ్ల కిందటి గొర్రె కాలేయాన్ని ఈ రోజు మళ్లీ కోసి, అప్పటికి లేని పరీక్ష చేయవచ్చు. నిరుడు ఒక పరిశోధక విద్యార్థి నా పాత కేసుల దిమ్మెలు అడిగితే, అరగంటలో బల్ల మీద ఉన్నాయి. ఈ సేవను ఇకమీదట వాడుకోబోయే వైద్యులకు నేను చెప్పగలిగిన అతి ముఖ్యమైన సలహా ఇదే: దరఖాస్తులోని గళ్లన్నీ నింపండి, మీరు రాసినది మీ తరువాత కూడా ఎవరో చదువుతారు. బతికి ఉన్నవాటికి ఒక గడి అచ్చులో లేదు, మార్జిన్‌లో రాయండి.

ఆమె చివరి పనిదినానికి నా నమూనా ఒకటి ఇంకా అక్కడే ఉంది. కుంటుతున్న ఒక కుక్క తొడ ఎముక ముక్క అది, ఆమ్లంలో మెత్తబడుతోంది. మూడు వారాల తరువాత నివేదిక వచ్చింది. ఎప్పటిలాగే ఆలస్యం, ఎప్పటిలాగే మధ్యలో కబురు లేదు. అందులో రెండు సంతకాలు ఉన్నాయి. ముక్క వచ్చిన రోజున కంటితో చూసిన కొలతలు, రంగు, ఎముక అంచు ఎక్కడ తినివేసినట్లు ఉందో చెప్పే ఆరు వాక్యాల కింద ఆమె సంతకం, పాత తేదీతో ఉంది. స్లైడు వర్ణన, నిర్ధారణ, వ్యాఖ్య కింద ఆమె స్థానంలో వచ్చిన వైద్యుడి సంతకం ఉంది. రెండింటి మధ్య ఆమె చేతిరాతతో ఒక పంక్తి: "స్లైడు నేను చూడలేదు."